స్పెయిన్‌లో ఏం తినాలి: అమ్మకి ఒకటి, నాన్నకి ఒకటి, బావకి ఇంకొకటి

మాడ్రిడ్‌లో ఉద్యోగం చేసిన మూడేళ్లలో మా ఇంటికి ఇండియా నుంచి చుట్టాలు, ఫ్రెండ్స్ చాలామందే వచ్చారు. సామాను దించగానే అందరూ అడిగేది ఒకటే: "ఇక్కడ ఏం తినాలి?" మొదట్లో నేను కూడా నెట్లో కనిపించే పేర్లే అప్పజెప్పేవాణ్ని. పాయేయా (వెడల్పాటి పెనంలో వండే అన్నం) తినండి, హమోన్ (ఉప్పు పెట్టి ఆరబెట్టిన పంది తొడ) తినండి, గాస్పాచో (చల్లటి టమాటా సూప్) తాగండి అని. నిజానికి అలా చెప్పే అర్హత నాకే లేదు. ఆ దేశంలో దిగిన మొదటి వారంలోనే దెబ్బతిన్నవాణ్ని.

బార్సెలోనాలో, సాయంత్రం ఏడింటికి, బీచ్‌కి దగ్గర్లో ఒక హోటల్. గుమ్మం ముందు బోర్డు మీద ఎనిమిది రకాల పాయేయాల ఫొటోలు. కూర్చున్న పది నిమిషాలకే పళ్లెం వచ్చింది. పసుపు నీళ్లలో ఉడికించినట్టున్న అన్నం, దాని మీద మూడు రొయ్యలు, నమిలితే రబ్బరు. ఇరవై యూరోలకి పైగా వదిలింది. చుట్టూ చూస్తే ఆ ఊరివాళ్లు ఒక్కరూ లేరు, అందరూ నాలాంటివాళ్లే. సోమవారం ఆఫీసులో వాలెన్సియా కొలీగ్‌కి ఈ గోడు చెప్పుకుంటే, అన్నం ఎలా ఉందని కూడా అడగలేదు. "రాత్రి పూట పాయేయానా?" అన్నాడు, అంతే.

పూతరేకులంటే ఆత్రేయపురం అంటాం, సర్వపిండి అంటే తెలంగాణలో ఎవరింట్లోనైనా తినాలంటాం. రెండూ తెలుగు వంటలే కదా అని ఒకేచోట వెతకం. స్పెయిన్‌లోనూ అంతే. అక్కడ "స్పానిష్ వంట" అనేదాని కంటే తూర్పు తీరాన వాలెన్సియా వంట, వాయవ్యాన గలీసియా వంట, దక్షిణాన ఆందలూసియా వంట అనేవే గట్టి మాటలు.

## ముందు ఇవి చూసుకోండి

ఊరు. మీ టికెట్లు ఏ ఊళ్లకి ఉన్నాయో చూసుకున్నాకే వంటల లిస్టు రాసుకోండి. కొన్ని వంటలు ఎక్కడైనా బాగుంటాయి (తోర్తీయా అనే బంగాళాదుంపల అట్టు, హమోన్). కొన్ని సొంత ఊరు దాటితే సగం పోతాయి (పాయేయా).

వేళ, కాలం. మధ్యాహ్న భోజనం రెండింటి నుంచి నాలుగు లోపు. రాత్రి భోజనం తొమ్మిది తర్వాత. మధ్యలో చాలాచోట్ల వంటగది మూసేస్తారు, బార్లలో చిరుతిళ్లు మాత్రం దొరుకుతాయి. సాయంత్రం ఏడింటికే పూర్తి భోజనం పెడుతున్నారంటే అది టూరిస్టుల కోసం తెరిచిన చోటే అయ్యుండొచ్చు. మా నాన్నకి ఏడున్నరకే ఆకలేస్తుంది కాబట్టి ఇది మాకు పెద్ద టెన్షనే అయింది. చివరికి మధ్యాహ్నం గట్టిగా తిని, రాత్రికి బార్లో చిన్న పళ్లేలతో సరిపెట్టే పద్ధతి కుదిరింది. ఇక ఎండాకాలంలో చిక్కుడు గింజల కుండ వంట, చలికాలంలో చల్లటి టమాటా సూప్ అడిగితే ఇచ్చేవాళ్లు ఇస్తారు గానీ, మీరే బాధపడతారు.

లోపల ఏముంది. మనవాళ్లకి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. స్పెయిన్‌లో పంది మాంసాన్ని చాలామంది మాంసంగా కాక, మనం పోపు వేసినట్టు రుచి కోసం వేసే దినుసుగా చూస్తారు. "మాంసం వద్దు" అంటే సరే అని తలూపి, పైన హమోన్ ముక్కలు చల్లి తెస్తారు. మోసం కాదది, వాళ్ల లెక్కలో అది మాంసం కింద రాదు. అందుకే విడివిడిగా చెప్పాలి: సిన్ కార్నే (మాంసం లేకుండా), సిన్ హమోన్, సిన్ పెస్కాదో (చేప లేకుండా), సిన్ ఉవేవో (గుడ్డు లేకుండా). "బెహెతాల్" అని రాసి ఉన్న శాండ్‌విచ్ శాకాహారం అనుకోకండి, అందులో తరచుగా ట్యూనా చేప, గుడ్డు ఉంటాయి. "మిక్స్‌డ్ సలాడ్" అనే అర్థంలో ఉండే ఎన్సలాదా మిక్స్తాలోనూ ట్యూనా మామూలే.

నాలుక. కారం ఆశించకండి. ఇక్కడి రుచి ఆలివ్ నూనె, వెల్లుల్లి, పొగ వాసన ఉన్న ఎర్రటి మిరప పొడి, ఉప్పు. ఆ మిరప పొడి పేరు పిమెంతోన్. చూడ్డానికి మన కారంలా ఉంటుంది గానీ ఎక్కువగా తియ్యటి రకమే వాడతారు.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో: సోమవారం నుంచి శుక్రవారం దాకా, మధ్యాహ్నం, "మెనూ దెల్ దియా" అడగండి. మొదటి పళ్లెం, రెండో పళ్లెం, బ్రెడ్, ఏదో ఒక డ్రింక్, స్వీటో కాఫీనో కలిపి చాలా ఊళ్లలో 12 నుంచి 16 యూరోల్లో అయిపోతుంది.

ఈ సలహాలన్నిటికీ నా దగ్గర ముగ్గురు పరీక్షకులున్నారు. అమ్మ: శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా తినదు. నాన్న: కోడి, చేప, రొయ్య తింటారు, పంది, గొడ్డు మాంసం ముట్టరు. బావ: మా మేనమామ కొడుకు, కదిలేది ఏదైనా తింటాడు. మీరు ఈ ముగ్గురిలో ఎవరికి దగ్గరో చూసుకుంటూ చదవండి.

## పాయేయా: పేరు పెద్దది, దొరికే చోటు చిన్నది

పాయేయా అంటే వాలెన్సియా భాషలో అసలు ఆ పెనం పేరే. వెడల్పుగా, లోతు తక్కువగా, రెండు చెవులతో ఉంటుంది. అసలు వాలెన్సియా పాయేయాలో రొయ్యలు ఉండవు. కోడి, కుందేలు, వెడల్పాటి పచ్చి చిక్కుళ్లు, గర్రఫో అనే పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, టమాటా, కుంకుమపువ్వు, పిమెంతోన్, ఆలివ్ నూనె, బియ్యం. కొందరు నత్తలూ, ఒక రోజ్‌మేరీ రెమ్మా వేస్తారు. ఊరికి దక్షిణాన అల్బుఫెరా అనే మంచినీటి సరస్సు, దాని చుట్టూ వరి మళ్లు. వంట పుట్టింది ఆ మళ్ల పక్కనే కాబట్టి, పొలంలో దొరికేవే పెనంలోకి వచ్చాయి.

నన్ను వెక్కిరించిన కొలీగే ఒక ఆదివారం వాళ్ల ఊరికి తీసుకెళ్లాడు. పెరట్లో నారింజ కట్టెల మంట. వాళ్ల నాన్న మాంసాన్ని అరగంట దాకా ఓపిగ్గా వేయించాడు. నీళ్లు పోసి మరిగించి, బియ్యం చల్లాక మాత్రం ఎవర్నీ గరిటె ముట్టనివ్వలేదు. కలిపితే గంజి దిగి ముద్దవుతుందట. పద్దెనిమిది, ఇరవై నిమిషాలు. చివర్లో మంట మీద చెవి పెట్టినంత పని చేశాడు. పెనం అడుగు నుంచి సన్నగా చిటపట వినిపించగానే దించేశాడు. ఆ చిటపట అడుగంటుతున్న అన్నానిది. దాన్ని సొకర్రాత్ అంటారు. మన ఇళ్లల్లో గిన్నె అడుగున మిగిలిన మాడు కోసం పిల్లలు కొట్టుకున్నట్టే అక్కడ పెద్దవాళ్లు కొట్టుకుంటారు. పళ్లేలు లేవు. పెనం బల్ల మధ్యలో పెట్టి, ఎవరి ముందున్న త్రికోణం వాళ్లు చెంచాతో తింటూ మధ్యకి వెళ్లడమే. పక్కవాడి గడిలో చెయ్యి పెడితే మర్యాద కాదు.

ఇది పులావు కాదు, బిర్యానీతో పోల్చకండి. మెతుకు లోపల కొంచెం గట్టిగా ఉంటుంది. బోంబా, సెనియా లాంటి పొట్టి బియ్యం మసాలాను కాదు, రసాన్ని పీల్చుకుంటాయి. పొర ఒక వేలు మందం కూడా ఉండకూడదు.

మంచిదాన్ని గుర్తుపట్టడానికి: మధ్యాహ్నం మాత్రమే పెడతారు, కనీసం ఇద్దరికి ఆర్డర్ ఇవ్వాలి, అరగంటకు పైగా ఆగమంటారు. గుమ్మం బయట ఫొటోల బోర్డు ఉంటే నడిచి వెళ్లిపోండి. రంగును బట్టి మాత్రం తీర్పు చెప్పకండి, వాలెన్సియా ఇళ్లల్లోనే చాలామంది కుంకుమపువ్వుకి బదులు రంగు వేస్తారు. వాలెన్సియాకి వెళ్తే అల్బుఫెరా పక్కనున్న ఎల్ పల్మార్ దాకా బస్సులో వెళ్లి తినండి. వెళ్లకపోతే పాయేయా మానేసినా నష్టం లేదు, అని నా గట్టి అభిప్రాయం. తప్పదంటే, గురువారం మెనూ దెల్ దియాలో పాయేయా పెట్టే అలవాటు మాడ్రిడ్‌తో సహా చాలా ఊళ్లలో ఉంది. అది కనీసం ఆ రోజు వండినది.

నాన్న లాంటివాళ్లకి ఇది వరం. అసలు రకంలో పంది ఉండదు, గొడ్డు మాంసం ఉండదు. కొన్ని పల్లెల్లో పంది పక్కటెముకలు వేస్తారు కాబట్టి ఒక మాట అడగండి చాలు. కుందేలు వద్దనుకుంటే రొయ్యలు, స్క్విడ్ వేసిన సముద్రపు రకం ఉంది. స్క్విడ్ సిరాతో చేసే నల్లన్నం (అర్రోస్ నెగ్రో) బావకి నచ్చింది, ఆ రోజంతా నల్లటి పళ్లతోనే నవ్వాడు. గాందియా వైపు బియ్యానికి బదులు సేమ్యాతో చేసేది ఫిదేవా. చూడగానే రొయ్యల సేమ్యా ఉప్మా అనిపిస్తుంది, ఆ మాట పైకి అనకండి. అమ్మకి కూరగాయల పాయేయా ఉంది, కానీ "కాల్దో", అంటే బియ్యం ఉడికించే రసం, దేనితో చేశారని అడగాలి. కోడి ఎముకలు మరిగించిన నీళ్లు పోసి, పైన కూరగాయలు పేర్చే హోటళ్లు తక్కువేం కాదు.

## తోర్తీయా: ఎక్కడైనా, ఎప్పుడైనా

మెక్సికో రొట్టెకీ దీనికీ సంబంధం లేదు. బంగాళాదుంపలు పల్చగా తరిగి, బోలెడు ఆలివ్ నూనెలో నెమ్మదిగా మగ్గించి, నూనె వడకట్టి, గిలక్కొట్టిన గుడ్లలో కలిపి పెనం మీద మందంగా పోసే అట్టు. పొద్దున్న కాఫీతో, మధ్యాహ్నం బ్రెడ్డులో, రాత్రి బీరుతో, ఏ బార్లోనైనా దొరుకుతుంది. బ్రెడ్డు ముక్కతో కలిపి ఒక ముక్క మూడు, నాలుగు యూరోలు.

ఇందులో ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అన్నది జాతీయ తగాదా. నేను ఉల్లిపాయ పక్షం. గలీసియాలోని బెతాన్సోస్ ఊళ్లో ఉల్లిపాయ లేకుండా, కోస్తే సొన కారేలా చేస్తారు. దానికోసం స్పెయిన్ వాళ్లే పనిగట్టుకుని వెళ్తారు. నాన్న మాత్రం ఆ కారే సొన చూసి పళ్లెం పక్కకి జరిపారు. అలాంటివాళ్లు "బియెన్ క్వాహాదా", అంటే బాగా గట్టిపడినది, అని అడగాలి. గుడ్డు తినే శాకాహారులకి స్పెయిన్‌లో రోజు గడిచేది దీంతోనే. కౌంటర్ మీద అద్దాల పెట్టెలో పొద్దున్నుంచి కూర్చున్న ముక్క కాకుండా, ఇప్పుడే తిప్పింది అడగండి. తేడా చాలా ఉంటుంది.

## చల్లటి సూప్‌లు: మూడింటిలో ఏది?

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆందలూసియాలో ఎండ మన విజయవాడ ఎండలాగే ఉంటుంది. సెవియాలో, కోర్దోబాలో 40 డిగ్రీలు దాటడం మామూలు. ఈ సూప్‌లు ఆ ఎండకి పుట్టినవి.

గాస్పాచో పల్చగా ఉంటుంది. టమాటా, దోస, పచ్చి కాప్సికం, వెల్లుల్లి, నూనె, వెనిగర్, కాస్త బ్రెడ్డు, అన్నీ పచ్చివే రుబ్బి చల్లబరుస్తారు. గ్లాసుతో తాగేస్తారు. చారు చల్లగా ఎలా తాగుతామని అమ్మ మొదట మొహం చిట్లించింది, రెండో రోజు తనే అడిగింది. సాల్మొరేహో కోర్దోబాది. బ్రెడ్డు ఎక్కువ, దోస, కాప్సికం ఉండవు, పచ్చడిలా చిక్కగా చెంచాకి అంటుకుంటుంది. మీద ఉడికించిన గుడ్డు, హమోన్ ముక్కలు చల్లుతారు. రుచి మీద ఓటు అడిగితే నాది దీనికే, కానీ అమ్మ లాంటివాళ్లు పైన ఏమీ చల్లొద్దని ముందే చెప్పాలి.

మూడోది అహోబ్లాంకో, మాలగా వైపుది. బాదం, వెల్లుల్లి, బ్రెడ్డు, నూనె, వెనిగర్, పైన ద్రాక్షపళ్లు. టమాటా 16వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి వచ్చింది. అంతకుముందు ఈ దేశపు చల్లటి సూప్‌లు తెల్లగా ఇలాగే ఉండేవి. గుడ్డు, పాలు, మాంసం ఏవీ లేవు కాబట్టి అమ్మ కేటగిరీకి ఇది నిశ్చింత. వెల్లుల్లి పచ్చిది, ఘాటుగా తగులుతుంది.

## కుండ వంటలు: బావ సెక్షన్

ఫబాదా, కోసీదో. రెండూ చలికాలపు మధ్యాహ్న భోజనాలు, రెండూ తిన్నాక పడుకోవాల్సిందే.

ఫబాదా ఉత్తరాన అస్తూరియాస్‌ది. ఫాబెస్ అనే పెద్ద తెల్ల గింజలు వెన్నలా ఉడుకుతాయి, తొక్క చిట్లకూడదు. దాంట్లో చోరీసో సాసేజ్, మోర్సీయా, పంది కొవ్వు ముక్క. మోర్సీయా పంది రక్తంతో చేస్తారు. మేక నల్ల వేపుడు ఇష్టపడే తెలంగాణ ఫ్రెండ్స్‌కి ఇది కొత్తేం కాదు, పొగ వాసన ఒక్కటే కొత్త. కోసీదో మాడ్రిడ్‌ది. శనగలు, గొడ్డు మాంసం, పంది, కోడి, ఎముకలు, క్యాబేజీ ఒకే కుండలో గంటల తరబడి ఉడికి, బల్ల మీదకి మూడు విడతలుగా వస్తాయి. ముందు సన్నటి సేమ్యాతో సూప్, తర్వాత శనగలు, కూరలు, చివర మాంసాలు. మాడ్రిడ్‌లో లా బోలా అనే హోటల్ 1870 నుంచి ఉంది. ఒక్కొక్కరికి ఒక చిన్న మట్టి కుండలో, బొగ్గుల మీద వండి పెడతారు.

రెండింటిలో ఒకటే అంటే? గింజలు ఇష్టమైతే ఫబాదా. తతంగం ఇష్టమైతే కోసీదో. పంది తింటాను గానీ గొడ్డు మాంసం తినను అనేవాళ్లకి ఫబాదా ఒక్కటే దారి. నాన్నకీ అమ్మకీ రెండూ కుదరవు, శనగలు ఏరుకుని తినే ఆలోచన కూడా వద్దు. మాడ్రిడ్‌లోనే "కాయోస్" అని ఎర్రటి పులుసులో కనిపిస్తుంది. బోటీ కూరే, కానీ మేకది కాదు, గొడ్డుది. కోర్దోబాలో రాబో దె తోరో అంటే ఎద్దు తోక. పేరు తెలియక ఆర్డర్ ఇచ్చి ఇబ్బంది పడ్డవాళ్లు నాకు తెలుసు.

## సముద్రం: నాన్న సెక్షన్

గలీసియా ఆక్టోపస్ గురించి నాన్నకి ముందు చెప్పలేదు, చెబితే వచ్చేవారు కాదు. సంత రోజు. టెంట్ కింద రాగి కాగు, పక్కన ఒకావిడ. వీళ్లని పుల్పేరా అంటారు. ఆవిడ ఆక్టోపస్‌ని కొక్కెంతో పట్టుకుని మరిగే నీళ్లలో మూడుసార్లు ముంచి తీసి, అప్పుడు వదిలేసింది. అలా చేస్తే తోలు ఊడిపోదట. ఉడికాక కత్తెర తీసుకుని టకటకా చెక్క పళ్లెంలోకి కత్తిరించింది. కళ్లుప్పు, పిమెంతోన్, ఆలివ్ నూనె ధార. ఫోర్కులు లేవు, పళ్లపుల్లలతో గుచ్చుకు తినాలి. మొత్తం రెండు నిమిషాల పని. నాన్న మొదటి ముక్క అనుమానంగా నమిలారు, తర్వాత ఆ పళ్లెం మాకు మిగల్చలేదు. గట్టిగా ఉండదు. సరిగ్గా ఉడికితే మెత్తటి రొయ్యకీ ఉడికిన దుంపకీ మధ్యలో ఉంటుంది.

విచిత్రమేమిటంటే ఈ వంటకి పేరుపడ్డ "ఓ కార్బాయీన్యో" అనే గలీసియా ఊరు సముద్రం ఒడ్డున లేదు, లోపల ఉంది. పక్కనున్న ఓసేరా మఠానికి తీరం నుంచి ఎండు ఆక్టోపస్ వచ్చేదని, అక్కడినుంచి ఈ ఊరివాళ్లకి పని అబ్బిందని చెబుతారు. ఆగస్టు రెండో ఆదివారం అక్కడ పెద్ద పండగ. గలీసియా దాకా వెళ్లలేకపోతే మాడ్రిడ్‌లో గలీసియా వాళ్లు నడిపే హోటళ్లలోనూ ఇది బాగానే ఉంటుంది. పాయేయాలా ఊరు దాటితే చెడిపోయే రకం కాదు.

దీనికి పోటీ మాలగా బీచ్‌లో దొరికే ఎస్పెతో. చిన్న పడవలో ఇసుక నింపి, దాంట్లో మంట వేసి, సార్డిన్ చేపల్ని వెదురు లాంటి పుల్లకి గుచ్చి నిలబెట్టి కాలుస్తారు. ఉప్పు తప్ప మరేం లేదు. మే నుంచి ఆగస్టు దాకా చేప కొవ్వుపట్టి ఉంటుంది, అదే సీజన్. ముళ్లు తీసుకోవడం రానివాళ్లకి, చిన్నపిల్లలకి వద్దు. బిల్‌బావోలో బకలావ్ అల్ పిల్‌పిల్ ఉంది. ఉప్పు చేప, వెల్లుల్లి, నూనె అంతే, కానీ గిన్నెని అదే పనిగా తిప్పుతుంటే చేపలోని జిగురుకి నూనె చిక్కటి తెల్లటి సాస్ అవుతుంది. వంట మీద ఆసక్తి ఉన్నవాళ్లకి అది చూడముచ్చట. రుచి మాత్రం మనకి కాస్త జిడ్డు.

## హమోన్: లేబుల్ రంగు చూడండి

నేను తింటాను కాబట్టి చెబుతున్నా, పంది తినేవాళ్లు ఒక్కసారైనా మంచి రకం తినాలి, నాసిరకం పదిసార్లు తినేకంటే. 2014 నుంచి చట్టప్రకారం ఇబేరికో అనే స్పెయిన్ పంది జాతి తొడలకి నాలుగు రంగుల ట్యాగులున్నాయి. నలుపు: నూరుశాతం ఇబేరికో జాతి, ఓక్ తోపుల్లో రాలిన కాయలు తిని పెరిగినది. ఎరుపు: కాయలు తిన్నదే, కానీ సంకర జాతి. ఆకుపచ్చ: మేత పెట్టి, ఆరుబయట పెంచినది. తెలుపు: మేత పెట్టి, కొట్టంలో పెంచినది. నలుపు ట్యాగుది ప్లేటు 20 యూరోలు దాటుతుంది. నలుగురు పంచుకోండి. కొవ్వు తీసి పారేయకండి, రుచంతా అందులోనే ఉంది.

## ఇక అమ్మ సెక్షన్

సలాడ్లతో బతకాలేమో అనుకుని అమ్మ రెండు కేజీల అటుకులు, పచ్చళ్లు మోసుకొచ్చింది. సగం వెనక్కి వెళ్లాయి.

సెవియాలో ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్: పాలకూర, శనగలు, వెల్లుల్లి, జీలకర్ర, వేయించి నూరిన బ్రెడ్డు. అమ్మ ఒక చెంచా తిని "దీనికి అన్నం అడగరా" అంది. వాళ్లు బ్రెడ్డే ఇచ్చారు. కోర్దోబా, మాలగాల్లో బెరెన్‌హేనాస్ కోన్ మియెల్: వంకాయ ముక్కలు కరకరలాడేలా వేయించి పైన "చెరకు తేనె" పోస్తారు. పేరుకే తేనె, నిజానికి అది మన పల్చటి బెల్లం పాకానికి అన్నలాంటిది. వంకాయ బజ్జీ మీద బెల్లం పాకం ఏమిటి అనిపిస్తుంది, తిన్నాక అనిపించదు. వంకాయనీ, చెరకునీ ఆ దేశానికి తెచ్చింది అరబ్బులు. బెరెన్‌హేనా అనే మాట అరబిక్ నుంచి, అరబిక్‌కి పర్షియన్ నుంచి, పర్షియన్‌కి మన దేశం నుంచి వెళ్లింది. మనం ఇంగ్లీషనుకునే బ్రింజాల్ కూడా అదే మాట, పోర్చుగీసు వాళ్ల నోట తిరిగొచ్చింది. పూతపిండిలో గుడ్డు ఉందేమో మాత్రం అడగండి.

బార్సెలోనా ఉన్న కాటలోనియా ప్రాంతంలో ఎస్కలివాదా: నిప్పుల మీద కాల్చిన వంకాయ, కాప్సికం, తొక్క తీసి చీలికలు చేసి నూనె పోస్తారు. పైన ఆంచోవీ చేప పెట్టే అలవాటుంది, వద్దనండి. బ్రెడ్డు మీద టమాటా రుద్ది ఇచ్చే పా అంబ్ తుమాకెట్ ప్రతి హోటల్లో ఉంటుంది. జనవరి నుంచి మార్చి మధ్య వెళ్తే కాల్సోత్‌లు: పొడుగాటి ఉల్లికాడలు మంటలో నల్లగా మాడ్చి, పై పొర ఒలిచి, బాదం, ఎండు మిరప నూరిన రొమెస్కో అనే చట్నీలో ముంచి, తల పైకెత్తి నోట్లోకి జార్చుకోవాలి. బట్టలు పాడవుతాయి.

స్వీట్లలో జాగ్రత్త. క్రిస్మస్‌కి అమ్మే పోల్‌వరోన్, మాయోర్కా ద్వీపపు ఎన్సైమాదా రెండూ పంది కొవ్వుతో చేసేవి. ఎన్సైమాదా పేరులోనే ఆ కొవ్వు పేరుంది. చుర్రోలు మామూలుగా మైదా, నీళ్లు, ఉప్పే, కాబట్టి అమ్మకీ పర్వాలేదు. మాడ్రిడ్‌లో 1894 నాటి సాన్ హీనేస్‌లో వేడి చాక్లెట్‌తో తినొచ్చు. అర్రోస్ కోన్ లేచే అంటే పరమాన్నమే, యాలకులకి బదులు దాల్చినచెక్క, నిమ్మ తొక్క.

| వంట | సొంత ప్రాంతం | ఎప్పుడు | అమ్మ | నాన్న | బావ |
|---|---|---|---|---|---|
| పాయేయా | వాలెన్సియా | మధ్యాహ్నం | కూరగాయలది, కాల్దో అడిగి | తప్పకుండా | అవును |
| తోర్తీయా | దేశమంతా | ఎప్పుడైనా | కాదు | గట్టిగా ఉడికినది | కారే సొనతో |
| సాల్మొరేహో | కోర్దోబా | ఎండాకాలం | పైన ఏమీ లేకుండా | హమోన్ లేకుండా | అవును |
| అహోబ్లాంకో | మాలగా | ఎండాకాలం | తప్పకుండా | అవును | ఒక గ్లాసు |
| ఫబాదా | అస్తూరియాస్ | చలికాలం | కాదు | కాదు | తప్పకుండా |
| కోసీదో | మాడ్రిడ్ | చలికాలం | కాదు | కాదు | ఆకలిగా వెళ్లాలి |
| ఆక్టోపస్ | గలీసియా | ఏడాదంతా | కాదు | తప్పకుండా | అవును |
| ఎస్పెతో | మాలగా | మే–ఆగస్టు | కాదు | తప్పకుండా | అవును |
| హమోన్ | దేశమంతా | ఎప్పుడైనా | కాదు | కాదు | నలుపు ట్యాగు |
| పాలకూర శనగలు | సెవియా | ఏడాదంతా | తప్పకుండా | అవును | పక్క పళ్లెంగా |

## ఊళ్లు ముందే ఖరారైపోతే

మాడ్రిడ్, బార్సెలోనా మాత్రమే అయితే పాయేయా మర్చిపోండి. మాడ్రిడ్‌లో తోర్తీయా, చలికాలమైతే కోసీదో, బార్సెలోనాలో ఎస్కలివాదా, టమాటా బ్రెడ్డు, సీజన్ అయితే కాల్సోత్‌లు. శాకాహారులు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు దక్షిణాదికి టికెట్ తీసుకోండి. సెవియా, కోర్దోబా, గ్రనాదా, మాలగా నాలుగూ రైళ్లలో, బస్సుల్లో తేలిగ్గా తిరగొచ్చు, అమ్మ పళ్లేలన్నీ అక్కడే ఉన్నాయి. పైగా గ్రనాదాలో ఒక డ్రింక్ కొంటే ఒక చిన్న పళ్లెం ఉచితం. అది ఏమిటో వాళ్ల ఇష్టం కాబట్టి శాకాహారులు ముందే చెప్పాలి. చేపలు ప్రాణం అనేవాళ్లకి గలీసియా. అక్కడ వాన ఎక్కువ, గొడుగు తీసుకెళ్లండి.

ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాల్సి వచ్చినప్పుడు మెనూలో రెండు మాటలు పనికొస్తాయి: "రసియోన్" అంటే పెద్ద పళ్లెం, "మేదియా" అంటే సగం. సగాలు నాలుగైదు తెప్పించి మధ్యలో పెట్టుకోండి. మేం అలా చేసినప్పుడు అందరి చేతులూ వెళ్లిన పళ్లెం ఒక్కటే, పాద్రోన్ మిరపకాయలు. వేలెడంత పచ్చి మిరపకాయలు, నూనెలో పొక్కులొచ్చేదాకా వేయించి కళ్లుప్పు చల్లుతారు, అంతే. గలీసియావి, ఎండాకాలం పంట. "కొన్ని కారం, కొన్ని కాదు" అని వాటి మీద వాళ్లకో సామెత ఉంది. చూసి చెప్పలేం. నాన్న గుంటూరు మనిషినన్న ధీమాతో వరసగా ఆరు తిన్నారు, ఒక్కటీ కారం తగల్లేదు, ఇవి మిరపకాయలే కాదని తేల్చేశారు. ఏడోది అమ్మ తీసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు ఎర్రబడింది, గ్లాసెడు నీళ్లు తాగింది. తాగి, "ఇంకో ప్లేటు చెప్పు" అంది.